చిత్తూరు కోర్టులో ఆరు చచ్చిన మౌసులు

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు చిత్తూరు కోర్టులో సాక్షి బోనెక్కి, పనిచేయని కంప్యూటర్ మౌసులను ఆరింటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఇవి మావేనండి" అని చెప్పాను. ఈ సంగతి ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. నమ్మాలంటే ముందు మా టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పాలి.

కోర్టుకు పోయే దారిలో ఒక మందుల అంగడి పైన, మిద్దె మీద ఉండేది అది. పద్నాలుగు టైపు మిషన్లు, నాలుగు బెంచీలు. నడిపే ఆయనను ఊరంతా సార్ అనే పిలిచేది. ఆయన వాళ్ళది తిరుచానూరులో తరతరాలుగా గుడి సేవ చేసిన కుటుంబం. ఈయన మాత్రం టైపూ షార్ట్‌హ్యాండూ పట్టుకుని చిత్తూరు వచ్చేశారు. నుదుటిన నామం, మెడ వరకూ గుండీలు పెట్టిన తెల్ల చొక్కా. పిల్లలు అక్షరాలు చూసి కొడతారేమోనని కీల మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ కింద చేతులు పెట్టించేవారు. ఒక్క అక్షరం తప్పితే పేజీ మొత్తం మళ్ళీ కొట్టాలి. నేను ఆయన దగ్గరే లోయరూ హయ్యరూ, రెండు పరీక్షలూ పాసయ్యాను. తర్వాత తిరుపతిలో ఒక ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేసి తిరిగొస్తే, "ఈడనే ఉండిపోమ్మా, పిల్లోళ్ళకు నేర్పిద్దువు" అని ఉంచుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు అవి. టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు నెలనెలా తగ్గిపోతున్నారు. వీధి చివర రంగురంగుల బోర్డుతో కంప్యూటర్ సెంటర్ ఒకటి వెలిసింది. సార్ మూడు రోజులు కిటికీలోంచి ఆ బోర్డునే చూశారు. నాలుగో రోజు పొద్దున బెంగుళూరు బస్సెక్కారు. ఎవరో కంపెనీ మూసేస్తూ అమ్మేసిన పాత కంప్యూటర్లు ఆరింటిని కొని, టమోటాలు దించి ఖాళీగా తిరిగొస్తున్న పలమనేరు లారీలో వేయించుకుని వచ్చారు. వాటిలో రెండింటి మీద ఇంకా టమోటా గింజలు అంటుకుని ఉన్నాయి. కీబోర్డులు ఉన్నాయి. మౌసులు మాత్రం లేవు. కంపెనీవాళ్ళు లోపల ఉన్న సరుకంతా తుడిచేసి ఇచ్చారు. స్విచ్చి వేస్తే నల్ల తెర మీద ఒక తెల్ల గీత మినుకుమినుకుమనడం తప్ప ఇంకేమీ లేదు.

అప్పట్లో అందరూ అడిగే విండోస్‌ను మోసే శక్తి ఆ మిషన్లకు లేదు. నేను తిరుపతి బస్టాండులో పుస్తకాల బంకులో ఒక కంప్యూటర్ పత్రిక కొన్నాను. దాంతో ఒక సీడీ ఊరికే ఇచ్చారు. లైనక్స్ అట, విండోస్‌కు బదులు పనిచేస్తుందట, ఎవరైనా వాడుకోవచ్చట, ఎన్ని మిషన్లలోనైనా వేసుకోవచ్చట. ఇంత పెద్ద వస్తువును ఊరికే ఎవరిస్తారని నాకు అనుమానం. మా నాయనకైతే ఇంకా అనుమానం. "ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మర్మం ఉంటాది, చూసి ముట్టుకో పాపా" అన్నాడు.

ఆరింటిలోనూ సీడీ పెట్టే డ్రైవు లేదు. నేను చదివిన సెంటరులో ఒకటి అడిగి తెచ్చి, ఒక మిషను విప్పి, దాన్ని తగిలించి, ఎక్కించి, మళ్ళీ ఊడదీసి రెండో మిషనుకు తగిలించేదాన్ని. పదకొండు రోజులు పట్టింది. పత్రికను పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం మూడుసార్లు చదివి, భయపడుతూ ఎంటర్ నొక్కేదాన్ని. ఒకరోజు పొరపాటున అంతకుముందే పూర్తయిన మిషనును మళ్ళీ తుడిచేశాను. బొమ్మలు తెప్పించాలని ప్రయత్నిస్తే తెర కీచుమని అరిచి ఏటవాలు గీతలు చూపించింది. ఆ ప్రయత్నం మానేశాను. చివరికి ఆరింటి మీదా నల్ల తెర, తెల్ల అక్షరాలు. అంతే.

సార్‌కు పిలిచి చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశారు.

"బొమ్మలు రావామ్మా?"

"రావు సార్. వీటికి అంత శక్తి లేదు."

"మంచిది," అన్నారు.

ఆయన ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. కాదు. తెర మీద లాగిన్ అని ఉంది. "ముందు పేరు అడుగుతా ఉండాది చూడు. మర్యాద తెలిసిన మిషను" అన్నారు. పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి కొట్టారు. ఒప్పుకోలేదు. చిన్న అక్షరాలతో కొడితే ఒప్పుకుంది. ఒక్క అక్షరం తేడాను క్షమించని యంత్రాన్ని ఆయన జీవితంలో మొదటిసారి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత పాస్‌వర్డ్. కొడుతుంటే తెర మీద ఏమీ కనపడదు. "గుడ్డ కప్పిన మాదిరే ఉండాదే!" అని తెరకు దండం పెట్టారు.

అసలు దెబ్బ షార్ట్‌హ్యాండ్ దగ్గర తగిలింది. షార్ట్‌హ్యాండులో అచ్చులు వదిలేసి హల్లులు మాత్రం రాస్తారు కదా. కాపీ చేయాలంటే సీపీ అనీ, జరపాలంటే మూవ్‌కు బదులు ఎంవీ అనీ, తీసెయ్యాలంటే రిమూవ్‌కు బదులు ఆర్‌ఎం అనీ కొట్టాలని నేను చెప్పగానే ఆయన నిలబడిపోయారు. "ఇది చేసినోడు ఎవడో గానీ షార్ట్‌హ్యాండు పాసైనోడమ్మా. హయ్యరే పాసైంటాడు." ఆ సాయంత్రం పిల్లలందరినీ పిలిచి మరీ ఈ మాట చెప్పారు. అప్పటి నుంచి కంప్యూటర్ క్లాసు మొదటి పాఠం టైపు మొదటి పాఠమే, ఏ ఎస్ డీ ఎఫ్. ఆరు మిషన్లకూ పాస్‌వర్డ్ కూడా అదే.

ఇంత సంతోషంలో చిక్కు ఒక్కటే, పిల్లలు చేరలేదు. మొదటి నెలలో ముగ్గురు చేరారు. మిగిలినవాళ్ళు అమ్మానాన్నలతో వచ్చి, చూసి, వెళ్ళిపోతున్నారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. చివరికి పలమనేరు దగ్గర పాడి ఆవులు పెట్టుకున్న ఒకాయన కూతురిని చేర్పించాలని వచ్చాడు. ఆరు కంప్యూటర్ల చుట్టూ తిరిగాడు, వెనక్కి కూడా వంగి చూశాడు.

"అన్నీ బాగుండాయి సార్. ఎలక యాడ?"

"ఎలక లేదప్పా. దీనికి ఎలక అక్కరలేదు," అన్నారు సార్.

"అట్లెట్ల సార్? మా బ్యాంకులో ఉండాది, మా తమ్ముడి ఆఫీసులో ఉండాది. ఎలక లేకపోతే అది టైపు మిషనే గదా."

సార్ అరగంట చెప్పారు. చెయ్యి కీల మీదనుంచి తీస్తే వేగం పోతుందన్నారు, ఎలుకను పట్టుకోవడానికి పక్కకు వంగితే వెన్నుపూస పాడవుతుందన్నారు. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మళ్ళా వస్తాం సార్" అని దండం పెట్టి కూతురిని తీసుకుని దిగిపోయాడు.

మౌసులు పెడదామన్నది నేనే. నల్ల తెర మీద మా పనికి మౌసు ఎందుకూ పనికిరాదు. కాబట్టి పనిచేసేది అక్కరలేదు, ఉంటే చాలు. సార్ చెవులు మూసుకున్నారు.

"పనిచేయని వస్తువును చూపించేది అబద్ధం గదమ్మా."

"మన బోర్డు మీద టైపు, షార్ట్‌హ్యాండు, టెలెక్స్ అని రాసుండాది సార్. టెలెక్స్ యాడుండాది?"

ఆయన కిటికీ దగ్గరకు వెళ్ళి తన బోర్డునే తలకిందులుగా చూసి వచ్చారు. తర్వాత ఒక షరతు పెట్టారు. ఇవి పనిచేస్తాయని మన నోటితో ఎవరికీ చెప్పకూడదు, అడిగితే నిజమే చెప్పాలి. సరేనన్నాను. తిరుపతిలో రిపేరు అంగడివాడి దగ్గర చచ్చిన మౌసులు ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. "పనిచేసేది ఒక్కటి కూడా లేదక్కా" అని అతను బాధపడ్డాడు. "అట్లాంటివే కావాల" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి ఆరు ఏరి ఇచ్చాడు. సార్ ఒక్కోదాని అడుగున తెల్ల పెయింటుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశారు, ముత్యాల్లాంటి అంకెలు.

నెల తిరిగేలోపు ఇరవై ఆరు మంది చేరారు. ఎవ్వరూ అడగలేదు. పలమనేరాయన కూడా కూతురితో తిరిగొచ్చాడు. మౌసును చేతిలోకి తీసుకుని, బరువు చూసి, బల్ల మీద రెండుసార్లు అటూఇటూ జరిపి, "ఇప్పుడు సరిపాయ సార్" అన్నాడు. పిల్లలకు మొదటి రోజే తెలిసిపోయింది. మెట్ల మీద పెద్దవాళ్ళ చెప్పుల చప్పుడు వినపడగానే ఇరవై ఆరు మందిలో ఎవరు కూర్చుని ఉన్నా కుడిచెయ్యి తీసి మౌసు మీద వేసి, తెర వైపు చూస్తూ నెమ్మదిగా తిప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు తృప్తిగా చూసి దిగిపోగానే సార్ ఈలలాంటి గొంతుతో "చేతులు మళ్ళీ స్థానానికి!" అనేవారు.

ఇట్లా ఒక ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం సార్ భోజనానికి ఇంటికి వెళ్ళారు. నేను కింద మందుల అంగడి నడిపే అక్కతో మాట్లాడుతున్నాను. పైకి వెళ్ళి చూస్తే తాళం పగిలి ఉంది. కంప్యూటర్లు ఆరూ ఉన్నాయి. ప్రింటరు ఉంది. టైపు మిషన్లు ఉన్నాయి. మౌసులు ఆరూ లేవు. తీగలు మొదలంటా కోసుకుని పోయాడు ఎవడో.

సార్ వచ్చి తీగ ముక్కలు చూసి, "పోయిందేముంది, క్లాసు మొదలుపెట్టు" అన్నారు. క్లాసు మొదలయింది, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా. సార్ ఫిర్యాదు ఇవ్వనన్నారు. పనిచేయని వస్తువులు పోయాయని ఏ ముఖంతో చెప్పాలి?

రెండో రోజు పోలీసు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. వెళితే బల్ల మీద మా మౌసులు వరసగా ఉన్నాయి. ఒక పక్క కంప్యూటర్ సామాన్ల అంగడాయన కోపంతో నిలబడి ఉన్నాడు. ఇంకో పక్క ముప్పై అయిదేళ్ళ బక్కపలచని మనిషి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. జరిగిందేమిటంటే, ఆ మనిషి మౌసులను అంగడికి తీసుకుపోయి అమ్మాడు. అంగడాయన డబ్బులిచ్చి, తర్వాత ఒక్కొక్కదానికే తెగిన తీగ అతికించి, తగిలించి చూశాడు. ఆరూ పనిచేయలేదు. తనను మోసం చేశాడని వెతికి పట్టుకుని, తానే చొక్కా పట్టుకుని స్టేషనుకు లాక్కొచ్చాడు. పోలీసులు అడుగున ఉన్న అంకెలు చూసి ఇవెక్కడివని అడిగితే మా పేరు బయటకొచ్చింది.

మమ్మల్ని చూడగానే ఆ దొంగకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఏం మనుషులు సార్ మీరు? ఆరుకి ఆరూ చచ్చినవే పెట్టుకోనుండారే! ఒక్కటన్నా బతికింది పెట్టకూడదా? పెద్దోళ్ళు మీరే ఇట్ల చేస్తే ఎట్ల?"

సార్ తల దించుకున్నారు. దొంగ ఎదుట తల దించుకున్న ఫిర్యాదుదారుడిని ఆ ఎస్సై అంతకుముందు చూసి ఉండడు. "ఎలక కోసం ఎందుకు తాళం పగలగొట్టినావు? పక్కన అంత పెద్ద పెట్టెలుండాయే" అని దొంగనడిగాడు. "దాన్ని తిప్పితేనే గదా సార్ అంతా నడిచేది. పిల్లోళ్ళు తిప్పేది మెట్ల మీదనుంచి రోజూ చూస్తా ఉండాను. అసలు సరుకు అదే అనుకున్నా" అన్నాడు.

తాళం పగిలింది కాబట్టి కేసు కట్టక తప్పదన్నారు. సార్ చెప్పింది చెప్పినట్టు రాసుకున్న కానిస్టేబుల్ వయసైన మనిషి. కంప్యూటర్ చూసి ఎరగడు. అందువల్ల ఫిర్యాదు కాగితంలో ఈ మాట పడింది: కంప్యూటర్లకు సంబంధించిన చనిపోయిన ఎలుకలు ఆరు.

కేసు విచారణకు వచ్చేసరికి ఆరు నెలలయింది. సార్ కొత్త చొక్కా వేసుకుని, దేవుడి మీద ప్రమాణం చేసే ముందే రెండుసార్లు చెమట తుడుచుకున్నారు. నేను ముందు సాక్ష్యం చెప్పేశాను, అంకెలు చూసి గుర్తుపట్టాను. తర్వాత ఆయన వంతు. దొంగ తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. ముందుగా కాగితం పైకెత్తి, నా కక్షిదారుడు చచ్చిన ఎలుకలను ఎత్తుకుపోయాడని రాశారు, అది నేరమని ఏ చట్టంలో ఉందో చెప్పండి అన్నాడు. కోర్టులో నవ్వులు. మేజిస్ట్రేటు గారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నారు. సాక్ష్యాన్ని ఇంగ్లీషులో టైపు చేస్తున్న స్టెనో ఆగిపోయి, ఒకటైతే మౌస్, ఆరైతే ఏమి కొట్టాలండీ అని అడిగాడు. ఎలుకలకైతే మైస్, కంప్యూటరువాటికి మౌసెస్ అని సర్కారు లాయరు. రెండింటికీ మైసే అని బోనులోనుంచి సార్. ఈ విషయం మీద కొంతసేపు గడిచింది. మేజిస్ట్రేటు గారు చివరికి, "ఆరు వస్తువులు అని కొట్టండి" అన్నారు.

అప్పుడు లాయరు అసలు ప్రశ్న అడిగాడు.

"ఇవి పనిచేస్తాయా?"

"చెయ్యవండి."

"ఎప్పుడైనా చేసినాయా?"

"మా దగ్గరికొచ్చినాక చెయ్యలేదండి."

"మరి ఇవి పోయినాక మీ కంప్యూటర్లు ఆగిపోయినాయా?"

"లేదండి. ఆరోజు క్లాసు జరిగిందండి."

"అయితే ఎందుకు పెట్టుకున్నారు?"

ముప్పై ఏళ్ళుగా ఒక్క అక్షరం తప్పును ఒప్పుకోని మనిషి, రెండు చేతులతో బోను కొయ్యను పట్టుకున్నారు. వెనక బెంచీల వైపు చూశారు. నేనూ చూశాను. తన పొలం గట్టు వ్యాజ్యానికి వచ్చిన పలమనేరాయన అక్కడ కూర్చుని ఉన్నాడు.

"పిల్లోళ్ళ తల్లిదండ్రులు నమ్మాలని పెట్టినానండి," అన్నారు సార్. "పనిచేస్తాయని నేను ఎవరికీ చెప్పలేదు. చెయ్యవనీ చెప్పలేదు. అది తప్పే."

స్టెనో ఆ మాటలు కొడుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది.

మేజిస్ట్రేటు గారు ముందుకు వంగి, "అది సరే, మౌస్ లేకుండా కంప్యూటర్ ఎట్లా నడుస్తుంది?" అని అడిగారు. అది విచారణకు అవసరమైన ప్రశ్న అని నేను అనుకోను. సార్ గొంతు తిరిగొచ్చింది. లాగిన్ దగ్గర మొదలుపెట్టి, షార్ట్‌హ్యాండు దాకా వెళ్ళారు. సీపీ, ఎంవీ అని గాల్లో వేళ్ళు ఆడించి చూపించారు. సర్కారు లాయరు ఆపబోతే మేజిస్ట్రేటు గారు చేత్తో వారించారు.

బయటికి రాగానే పలమనేరాయన ఎదురొచ్చాడు. సార్ రెండు చేతులూ జోడించారు. "క్షమించప్పా. మీ పాపను కావాలంటే మాన్పించుకో."

"ఎందుకు సార్? ఎలక చచ్చిందేనని మా పాప చేరిన రోజే చెప్పింది."

"తెలుసా నీకు?"

"అందరికీ తెలుసు సార్. ఊర్లో నలుగురు అడిగితే, ఎలక ఉండాదా అంటే, ఉండాది అని చెప్పాల గదా. దానికి బతికింది ఎందుకు?" అని, తన వ్యాజ్యం పిలుస్తున్నారని పరుగెత్తాడు.

దొంగ తర్వాతి వాయిదాలో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే జైల్లో ఉన్న రోజులు చాలని మందలించి వదిలేశారు. మౌసులు కావాలంటే మేము అర్జీ పెట్టుకోవాలన్నారు. సార్ పెట్టుకోలేదు. తర్వాత వారానికి ఆ దొంగ మా మిద్దెక్కి వచ్చాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "ఎత్తుకుపోయేదానికి రాలేదక్కా. అది లేకుండా ఎట్ల నడుస్తాదో చూసిపోదామని" అన్నాడు. సార్ అతన్ని నాలుగో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద లాగిన్ అని మినుకుమంటోంది.

"ఏమంటా ఉండాది సార్?"

"నీ పేరు అడుగుతా ఉండాది."

అతను గభాల్న లేచాడు. "ఈడ కూడానా!" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మేము అనుకోనిది ఇంకొకటి జరిగింది. కోర్టు గేటు బయట గొడుగుల కింద టైపు మిషన్లు పెట్టుకుని అర్జీలు కొట్టే టైపిస్టులు ఉండేవాళ్ళు. వాళ్ళకూ కంప్యూటరు నేర్చుకోక తప్పని రోజులు వచ్చాయి. వీధి చివర సెంటరుకు వెళితే ముందు మౌసు పట్టుకోమన్నారట. యాభై ఏళ్ళ చేతులు, బాణం గుర్తు ఒక చోట నిలవదు, ఆడపిల్లలు నవ్వుతారు. ఎలుక లేని కంప్యూటరు ఉందని స్టెనో ద్వారా వాళ్ళకు తెలిసింది. ఒక సోమవారం తొమ్మిదిమంది కట్టగట్టుకుని వచ్చారు. వాళ్ళలో సగం మంది సార్ దగ్గర టైపు నేర్చినవాళ్ళే. కూర్చోవడం ఆలస్యం, నల్ల తెర మీద అక్షరాలు వడగళ్ళలా పడ్డాయి. సార్ వాళ్ళ వెనక నిలబడి కళ్ళు మూసుకుని విన్నారు.

వాళ్ళలో అందరికంటే పెద్దాయన ఒకరోజు అన్నదమ్ముల భాగపరిష్కార దావా ఒకటి పన్నెండు పేజీలు కొట్టి, చివర్లో పొరపాటున ఆర్‌ఎం కొట్టాడు. పన్నెండు పేజీలూ పోయాయి. లేచి నిలబడి అరిచాడు.

"తీసెయ్ అంటే తీసేస్తాదా? ఒక మాట అడగదా?"

"మీ కక్షిదారుడు చెప్పింది మీరు కొట్టేటప్పుడు ఒక మాట అడుగుతారా?" అన్నారు సార్.

ఆయన కూర్చున్నాడు. పన్నెండు పేజీలూ జ్ఞాపకం మీద మళ్ళీ కొట్టాడు. అన్నదమ్ములిద్దరికీ ఎంత భూమి రావాలో ఈసారి ఇంకొంచెం బాగా కుదిరిందని మాతో చెప్పాడు.

నేను ఆ తర్వాత మూడేళ్ళు అక్కడ పనిచేశాను. నాకు ఉద్యోగం వచ్చి మదనపల్లెకు వెళ్ళేరోజు సార్ లేచి నిలబడి, నా స్థానంలో కూర్చోబోయే అమ్మాయికి పాస్‌వర్డ్ నేర్పుతూ, "తెరవైపు చూడొద్దు, కనపడదు" అన్నారు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని కొట్టింది. తప్పు రాలేదు. సార్ నావైపు తిరిగి, బస్సుకు టైమయింది పోమ్మా అన్నారు.